మూడో పంపూ పోయింది!

"మేస్టారూ, బండి మళ్లీ ఆగిపోనాది."

2024 జూలైలో ఒక ఉదయం ఫోన్‌లో ఈ మాట విన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడాది వ్యవధిలో ఆ ముక్క నేను వినడం అది మూడోసారి. అవతల ఉన్నవాడు నా పాత విద్యార్థి. ఎచ్చెర్ల మండలంలో సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడి హైస్కూల్లో నేను లెక్కలు చెప్పిన రోజుల్లో వెనక బెంచీలో కూచుని కిటికీలోంచి సముద్రం వైపు చూసేవాడు. ఇప్పుడు ఆ సముద్రమే అన్నం పెడుతోంది. కాకపోతే మన సముద్రం కాదు, గుజరాత్ సముద్రం. ఏడాదిలో పది నెలలు వెరావల్‌లో బోటు మీద ఉంటాడు. పశ్చిమ తీరంలో చేపల వేట ఆపేసే జూన్, జూలై నెలల్లో ఇంటికొస్తాడు.

వాడు 2021లో బండి కొన్నాడు. కొనమన్నది నేనే. "ఇన్నాళ్లూ ఆటోల కోసం రోడ్డు మీద నిలబడ్డావు, ఇంటికొచ్చిన రెండు నెలలైనా అమ్మనీ చెల్లెల్నీ సుఖంగా తిప్పు" అన్నాను. అందుకే బండి ఆగినప్పుడల్లా ఫోన్ నాకే వస్తుంది.

మొదటి ఏడు బాగానే నడిచింది. 2023 జూన్‌లో వెరావల్ నుంచి వచ్చి తాళం తిప్పితే స్టార్ట్ కాలేదు. దగ్గర్లో ఉన్న షెడ్డుకి నెట్టుకెళ్లారు. "ఫ్యూయల్ పంపు పోయింది" అన్నారు. 4,200 రూపాయలు. 2024 జూన్‌లో మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే కథ. "పంపు పోయింది." 3,900. ఇంకో ఇరవై రోజులకి ఇదిగో, ఈ ఫోన్.

ఈసారి మాత్రం విషయం డబ్బుతో ఆగలేదు. ఆ రోజు వాళ్లమ్మకి శ్రీకాకుళంలో కంటి శుక్లం ఆపరేషన్. పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. కుశాలపురం దగ్గర హైవే మీద, వానలో, బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. ఆటో దొరికి ఆస్పత్రికి చేరేసరికి ఆ పూట లిస్టు అయిపోయింది. "వచ్చే వారం రండి" అన్నారు. వచ్చే వారానికి వాడు రైల్లో ఉండాలి. లేదంటే తండేలు వేరేవాణ్ని బోటెక్కించుకుంటాడు. వాడు వెళ్లిపోతే అమ్మని తీసుకెళ్లే మనిషి లేడు. ఆపరేషన్ మళ్లీ జూన్ దాకా ఆగాల్సిందే.

"బండి అమ్మేత్తాను మేస్టారూ. ఇదేటి నాకు, ప్రతి ఏడూ పంపుకి పన్ను కట్టినట్టుంది" అన్నాడు.

నేను విజయనగరంలో బస్సెక్కాను.

జేబులో స్పానర్ల కాలం పోయింది

నా తరం వాళ్లకి బండి అంటే కార్బొరేటర్. పెట్రోలు ట్యాంకులోంచి తనంత తానే కిందికి దిగేది. మధ్యలో ఒక పెట్రోలు కాక్, ఆన్, ఆఫ్, రిజర్వు. చెత్త అడ్డం పడితే జెట్ విప్పి, నోటితో ఊది, సన్నటి రాగి తీగ దూర్చి మళ్లీ బిగించేసేవాళ్లం. చీపురుపల్లి నుంచి గరివిడి వెళ్లేలోపు ఈ పని రెండుసార్లు చేసిన రోజులున్నాయి. ఖర్చు లేదు, చేతికి పెట్రోలు వాసన తప్ప.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. పొగ తగ్గాలంటే పెట్రోలు కొలిచి కొట్టాలి. అందుకని చిన్న బండ్లలో కూడా దాదాపు అన్నింటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. ట్యాంకు లోపలే, పెట్రోల్లో మునిగి, ఒక చిన్న కరెంటు పంపు ఉంటుంది. చాలా బండ్లలో అది మూడు బార్ల చుట్టుపక్కల ఒత్తిడితో పెట్రోలుని ఇంజెక్టర్‌కి పంపిస్తుంది. తాళం ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు సన్నగా "గుయ్"మని వినిపిస్తుందే, అది ఆ పంపు గొంతే.

ఈ పంపుకి మూడు బలహీనతలు. ఒకటి, నీళ్లు పడవు. రెండు, నలక పడదు. మూడు, తన చుట్టూ ఉన్న పెట్రోలే తనని చల్లబరచాలి కాబట్టి, ఎప్పుడూ ట్యాంకు అడుగంటే దాకా నడిపితే వేడెక్కి తొందరగా అరిగిపోతుంది. యాభై రూపాయలు, వంద రూపాయలు కొట్టించుకుంటూ తిరిగే మనకి ఈ మూడోది కాస్త చేదు మాటే. కానీ నిజం.

కార్బొరేటర్ తప్పుని క్షమించేది. ఇంజెక్షన్ క్షమించదు. రోడ్డు పక్కన నోటితో ఊదితే బాగయ్యేది కాదు. అందుకే ఇప్పుడు చాలా షెడ్డుల్లో ఏం జరుగుతోందంటే, బండి స్టార్ట్ కాకపోతే పంపు మార్చేయడం. స్టార్ట్ అయిందా, జబ్బు తెలిసినట్టే. అవకపోతే తరవాత ఇంజెక్టర్, ఆ తరవాత సెన్సర్. డబ్బు మనది కాబట్టి పరీక్ష మన ఖర్చు మీదే జరుగుతుంది.

సీసాలో దొరికిన దొంగ

శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ దాటాక ఒక చిన్న షెడ్డు ఉంది. రేకుల కప్పు, రెండు బల్లలు, అరవై దాటిన మెకానిక్. బోర్డు కూడా సరిగా కనబడదు. బండిని ట్రాలీ ఆటోలో అక్కడికి చేర్చాం.

ఆయన పంపు జోలికే వెళ్లలేదు. ముందు తాళం తిప్పి చెవి పెట్టాడు. పంపు గొంతు వినిపిస్తోంది, కానీ ఏదో నొప్పి పడుతున్నట్టు. తరవాత ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు తీసి గాజు సీసాలో పోసి, నీడలో పక్కన పెట్టాడు.

"టీ తాగొచ్చీండి బాబూ. ఈలోగా అదే సెప్తాది" అన్నాడు.

తిరిగొచ్చి చూస్తే సీసాలో రెండు పొరలు. పైన పెట్రోలు రంగు. అడుగున వేలెడు మందం వేరే ద్రవం, దాని కింద ఇటుక పొడిలాంటి ఎర్రటి మడ్డి.

"ఇది నీళ్లు. ఇది తుప్పు. పంపుదేటి తప్పు?" అన్నాడాయన.

నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? మావాడు వెంటనే బంకుని తిట్టాడు. ఆయన తల అడ్డంగా ఊపి, పెట్రోలు మూత తెరిచి టార్చి వేశాడు. మూత చుట్టూ పళ్లెంలాంటి గుంట ఉంటుంది కదా. వాన పడితే నీళ్లు అందులో నిలుస్తాయి. అవి పోవడానికి ఒక మూల చిన్న చిల్లు, దాని కింద సన్నటి గొట్టం ఉంటాయి. ఆ చిల్లులో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టేసింది! బండి పది నెలలు తాటాకుల పాక చూరు కింద ఉంది. చూరు నీళ్లు సరిగ్గా ట్యాంకు మీద పడ్డాయి. పోయే దారి మూసుకుపోయింది. మూత కింది రబ్బరు సముద్రపు గాలికి, ఎండకి గట్టిపడి పగుళ్లిచ్చింది. ఇంకేముంది, చుక్క చుక్కా లోపలికే.

మిగతాదంతా వరస కట్టిన లెక్క. నీళ్లు దిగాయి, ట్యాంకు లోపల తుప్పు పట్టింది, తుప్పు పొడి రాలింది, పంపు కింద ఉండే జల్లెడ లాంటి ఫిల్టరు మూసుకుపోయింది, పంపు పీల్చలేక ఆయాసపడింది. పంపు మార్చినప్పుడు ట్యాంకు కడగలేదు. కొత్త పంపు అదే మురికిలోకి దిగింది. ఇరవై రోజులు నడిచిందంటే అదే గొప్ప.

ఆయన పంపు బయటికి తీసి, ఫిల్టరు మార్చి, శుభ్రమైన పెట్రోల్లో పెట్టి, గేజి తగిలించాడు. ముల్లు మూడు దగ్గరికి వెళ్లి కదలకుండా నిలబడింది.

అంటే మూడో పంపు పోనేలేదు.

రెండో పంపైనా నిజంగా పోయిందా? తెలీదు. పాతది మావాడు అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. కంపెనీ నుంచి వచ్చిన మొదటి పంపు? దాని సంగతీ అంతే. 8,100 రూపాయలు ఖర్చయ్యాక మిగిలింది ఆ ప్రశ్న ఒక్కటే.

ట్యాంకులో గుప్పెడు చిన్న నట్లు, కొంచెం పెట్రోలు పోసి ఊపి ఊపి తుప్పు రాల్చారు. నాలుగుసార్లు కడిగారు. మూతకి కొత్త రబ్బరు, కొత్త ఫిల్టరు, పెట్రోలు గొట్టం, కూలీ, అన్నీ కలిపి 1,850 రూపాయలు. చిల్లులోని మట్టి గూడు తీయడానికి ఆయన వాడింది సైకిల్ చువ్వ. దానికి డబ్బు తీసుకోలేదు.

పిల్లలకి నేను చెప్పే మాటే. లెక్కలో మొదటి లైను తప్పితే, చివరి లైను ఎన్నిసార్లు దిద్దినా జవాబు రాదు.

ఇథనాల్ మీద పడి ఏడవాలా?

ఈ కథ ఎవరికి చెప్పినా వెంటనే "అంతా ఆ ఇథనాల్ వల్లేనండీ" అంటున్నారు. కొంత నిజం, కొంత అతి. విడదీసి చూద్దాం.

పెట్రోల్లో ఇథనాల్ కలపడం మన దేశంలో 2003లోనే మొదలైంది. 2022 జూన్‌కి పది శాతానికి చేరింది. ఇరవై శాతం కలిపిన ఈ-20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి వచ్చింది. మొదట 2030కి అనుకున్న ఇరవై శాతం లక్ష్యాన్ని ముందుకి జరిపి, 2025లోనే అందుకున్నారు. చెరకు, విరిగిన బియ్యంతో పాటు ఇప్పుడు మొక్కజొన్న కూడా ఇథనాల్‌కి పెద్ద ముడిసరుకు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రబీలో మొక్కజొన్న వేసే రైతుకి ఇది కాదనలేని మార్కెట్. అంటే మన పొలానికి మేలు చేసేదే, మన ట్యాంకులో జాగ్రత్త కోరుతోంది.

ఏం జాగ్రత్త? ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. కొద్దిపాటి నీటిని తనలో కలిపేసుకుంటుంది. అది మంచిదే, ఇంజన్లో కాలిపోతుంది. కానీ నీళ్లు హద్దు దాటితే పెట్రోలుని వదిలేసి, నీటితో కలిసి అడుక్కి దిగిపోతుంది. పంపు ఉండేది సరిగ్గా అక్కడే. మావాడి సీసాలో అడుగున కనబడింది ఉత్త నీళ్లు కాదు, ఈ రెండూ కలిసిన ద్రవం. అది ఇనుముని తినేస్తుంది, ఇంజన్‌ని ఎగరేస్తుంది. పాత రకం రబ్బరుని ఇథనాల్ ఉబ్బేలా, గట్టిపడేలా చేస్తుంది కూడా. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు ఇరవై ముప్ఫై వేల కిలోమీటర్లు తిరిగాక మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. ఖర్చు తక్కువేననీ, మామూలు సర్వీసులో అయిపోతుందనీ అంది. మైలేజీ విషయానికొస్తే, ఇథనాల్లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు దాకా తక్కువ. పాత టూవీలర్లకి ఈ-20తో మూడు నాలుగు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక లెక్కకట్టింది.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచింది బ్రెజిల్. 1975లోనే జాతీయ స్థాయిలో ఆల్కహాల్ పథకం పెట్టింది. 1979లో పూర్తిగా ఇథనాల్‌తో నడిచే కార్లు రోడ్డెక్కితే, మొదట్లో తుప్పుతోనూ, చలికి స్టార్ట్ కాకపోవడంతోనూ జనం విసిగిపోయారు. తరవాత లోహాలు మార్చారు, పూతలు పూశారు, రబ్బర్లు మార్చారు. 2025 ఆగస్టు నుంచి అక్కడ మామూలు పెట్రోల్లోనే ముప్ఫై శాతం ఇథనాల్. కాబట్టి ఇథనాల్‌తో బండి నడవదన్నది అబద్ధం. ఏ బండైనా ఎలా ఉంచినా నడుస్తుందన్నదీ అబద్ధమే.

మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న బండ్లలో వాడే సామాను ఈ-20కి తట్టుకునేలా ఉండాలి. మీది అంతకుముందు కొన్నదైతే మాన్యువల్లోనో, పెట్రోలు మూత దగ్గర స్టిక్కర్ మీదో ఏం రాసుందో ఒకసారి చూడండి. లేదా మీ డీలర్‌ని అడగండి.

పంపు మార్చే ముందు

మావాడిలాగే మీ బండికీ పంపో, ఇంజెక్టరో, పెట్రోలు కాకో పదే పదే పోతుంటే, డబ్బు తీసే ముందు ఈ పనులు చేయించండి.

తాళం ఆన్ చేసి వినండి. గొంతు అసలు లేకపోతే ముందు ఫ్యూజు, రిలే, బ్యాటరీ, కనెక్టర్ చూడమనండి. మన తీరంలో ఉప్పు గాలికి కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుం పడుతుంది. పది రూపాయల పనికి నాలుగు వేల పంపు బలి అవుతుంది. గొంతు ఉండి బండి ఎగురుతుంటే సీసా పరీక్ష చేయించండి. షెడ్డులో, మంటకీ బీడీకీ దూరంగా. పెట్రోలు నోటితో పీల్చే పని మాత్రం ఎవ్వరూ చేయొద్దు. ఆ తరవాత గేజితో ఒత్తిడి చూడమనండి. "గేజి లేదు, నాకు అనుభవం ఉంది" అంటే నమస్కారం పెట్టి ఇంకో షెడ్డు చూసుకోండి. బీపీ మిషను లేకుండా బీపీ మాత్ర రాసే డాక్టర్ని నమ్ముతామా?

పంపు మార్చాల్సిందే అని తేలితే, ట్యాంకు కడిగాకే కొత్తది దింపమనండి. పాతది తిరిగి అడిగి తీసుకోండి. పార్టు నంబరుతో బిల్లు తీసుకోండి. "బిల్లయితే జీఎస్టీ పడుతుంది బాబూ" అంటారు. పడనివ్వండి. రేపు ఇరవై రోజులకే పోతే మాట్లాడేది ఆ కాగితమే. దుకాణం వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. అక్కడా తేలకపోతే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. కొన్న సరుకు విలువ ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. అన్నింటికీ మొదట కావాల్సింది బిల్లు.

బంకు మీద అనుమానముంటే తిట్టుకుంటూ రావద్దు, అడగండి. ఫిల్టర్ పేపర్ పరీక్ష, సాంద్రత పరీక్ష, ఐదు లీటర్ల కొలత పరీక్ష, ఇవి అడిగే హక్కు ప్రతి కస్టమరుకీ ఉంది. ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. మరక మిగిలితే ఏదో కలిసిందని అర్థం.

ఇక బండిని ఇంట్లో వదిలి హైదరాబాద్, చెన్నై, వెరావల్ పోయేవాళ్లు మన రెండు జిల్లాల్లో తక్కువా? నెలా రెండు నెలలకైతే ట్యాంకు నిండా కొట్టించి నీడలో పెట్టండి. ఖాళీ జాగా తక్కువుంటే లోపల చెమ్మ చేరే చోటూ తక్కువే. వారానికోసారి ఎవరైనా ఓ పది నిమిషాలు నడపాలి. నిలబెట్టి గుర్రుమనిపిస్తే చాలదు, నడపాలి. నడిపే మనిషే లేకపోతే, పది నెలలకైతే, సర్వీసు వాళ్ల చేత పెట్రోలు తీయించి, లోపల తుప్పు పట్టకుండా చేయించి, బ్యాటరీ వైరు విప్పించి వెళ్లండి. మూత చుట్టూ ఉన్న చిల్లు మాత్రం నెలకోసారి చూడండి. కుమ్మరి పురుగుకి మన బండి మీద కోపం లేదు. చిల్లు కనిపిస్తే గూడు కట్టుకుంటుంది, అంతే.

ఆ తరవాత

మావాడు ఆ ఏడు వారం ఆలస్యంగా వెరావల్ వెళ్లాడు. తండేలు నాలుగు మాటలన్నాడట, కానీ ఎక్కించుకున్నాడు. అమ్మ ఆపరేషన్ అయింది. వారం కూలి పోయింది.

బండి అమ్మలేదు. వెళ్లే ముందు నాలుగు రోజులు ఊరి బీచ్ రోడ్డులో చెల్లెలికి నేర్పాడు. ఆ అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మొదట్లో అరుగుల మీద కూచున్న పెద్దమ్మలు "ఓలమ్మ, ఆడపిల్ల మోటారు సైకిలేటి" అన్నారు. ఇప్పుడు ఆ పెద్దమ్మల్లో ఇద్దరు సంతకి దాని వెనకాలే కూచుని వెళుతున్నారు.

2025 జూన్‌లో వాడు వచ్చి తాళం తిప్పిన రోజున నాకు ఫోన్ చేశాడు. గుండె ఝల్లుమంది. "ఏమైందిరా?" అన్నాను.

"ఏటీ కానేదు మేస్టారూ. వినండి" అని ఫోన్ ట్యాంకు దగ్గర పెట్టాడు.

గుయ్‌మంది.